నూట పద్నాలుగో సీసా

నూట పద్నాలుగో సీసాలో ఉన్న రక్తం నాగరాణిది కాదు, నాది. ఈ మాట మూడేళ్ళు కడుపులో పెట్టుకుని తిరిగాను. చివరికి ఒక బుధవారం లోపల బయటపెట్టాల్సి వచ్చింది. పెట్టకపోతే ఏ పాపమూ ఎరగని నాగరాణి పొట్టలో లావుపాటి సూది దించి కొవ్వు ముక్క తీస్తారు. పెడితే నా ఉద్యోగం పోతుంది. పోతే పోయిందిలే అనుకోవడానికి ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఇంకో భయం కూడా ఉంది. ఆ సీసా ఎవరిదో, వాళ్ళకు పెద్ద రోగం రాబోతోందని పరీక్ష చెప్పింది. ఆ ఎవరో నేనే.

నా పేరు రెబెక్క. ఉండేది వికారాబాద్. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ తాండూరు పాలిష్ యూనిట్లలో నాపరాళ్ళు మోసే, అరగదీసే మనుషుల మీద ఒక అధ్యయనం పెట్టింది. అందులో నాది ఫీల్డ్ వర్కర్ పని. పొద్దున్నే రైలెక్కి తాండూరులో దిగడం, రాతి బురద తొక్కుకుంటూ యూనిట్ యూనిట్‌కూ తిరగడం, నడుముకు టేపు చుట్టడం, బీపీ చూడడం, రక్తం తీయడం, రిజిస్టరు రాయడం. లావుగా ఉన్నవాళ్ళనే చేర్చుకోవాలి. ఒక ఆడమనిషి ముందు నిలబడి నువ్వు లావున్నావు, అందుకే మాకు కావాలి అని చెప్పడం ఎంత కష్టమో ఏ సారుకూ తెలియదు. నేనూ ఎనభై నాలుగు కిలోలుంటాను కాబట్టి నా మాట చెల్లింది. "అక్కనే గింతుంది, మనకేం సిగ్గు" అని చేరినవాళ్ళే ఎక్కువ.

లావున్న వాళ్ళందరికీ రోగాలు రావు. ఒకామె నా అంత ఉండి కూడా మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చూసి పోతుంది. ఇంకొకామెకు నలభై నిండకముందే నడుము పెరుగుతుంది, బీపీ వస్తుంది, షుగరు వస్తుంది, రక్తంలో చెడ్డ కొవ్వు ఎక్కువై మంచి కొవ్వు తగ్గుతుంది. ఈ అయిదింటిలో మూడు కూడితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. గుండెపోటుకూ పక్షవాతానికీ దారి అక్కడి నుంచే పడుతుంది. ఎవరు ఆ దారిన పోతారో ముందే రక్తం చూసి చెప్పగలమా అన్నదే మా వాళ్ళ పరిశోధన. జన్యువుల పరీక్ష అనగానే ఆడవాళ్ళు బెదిరిపోయేవారు. నేను నా పద్ధతిలో చెప్పేదాన్ని: "ఇంట్ల గిన్నెలు అందరికుంటయి. అన్నీ పొయ్యి మీద ఉండయి గద. నీ ఒంట్ల ఏ గిన్నె పొయ్యెక్కింది, ఎంత మంట మీద ఉడుకుతుంది, గది చూస్తరు. గంతే." మా అధ్యయనం చూసుకునే డాక్టర్ సుశాంత్‌గారు ఒకసారి విని, తన ఉపన్యాసంలో కూడా ఇదే చెబుతానన్నారు. చెప్పారో లేదో నాకు తెలియదు.

మూడేళ్ళ కిందటి మార్చి నెల, ఆ జన్యు పరీక్షకు రక్తం సీసాలు నింపే ఆఖరి రోజు. అది మామూలు సీసా కాదు. లోపల మందు ఉంటుంది. రక్తం పట్టగానే మెల్లగా పదిసార్లు తిప్పి పెట్టెలో పెట్టాలి. రక్తం పరగడుపున తీసినదై ఉండాలి. పెట్టె తీసుకుపోయే బండి పదింటికి బయలుదేరుతుంది, మళ్ళీ రాదు. నూట పద్నాలుగో నంబరు నాగరాణి. దోమ అనే ఊరి దగ్గర గొర్రెల మందల ఇంటి కోడలు; మామ ఇప్పటికీ మంద వెంట తిరుగుతాడు, ఆమె మొగుడితో తాండూరొచ్చి పాలిష్ యూనిట్లో చేరింది. అంతకు వారం ముందే సంతకం పెట్టి షుగరుకూ కొవ్వుకూ రక్తం ఇచ్చింది. ఈ ఒక్క సీసా మిగిలింది. తొమ్మిదిన్నరకు మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"తిన్నవా?" అన్నాను.

"తినకుంటె బండ లేస్తదా అక్కా? జొన్నరొట్టె, పచ్చిపులుసు."

"పరగడుపున రమ్మంటి గదనే!"

"మర్చిన. గింత రక్తానికి గంత లొల్లి ఎందుకు? నీది నాది ఒక్క తీరు పెయ్యే. నువ్వే బద్లీ ఇయ్యరాదు?" అని తన ఒంటినీ నా ఒంటినీ చూపించి నవ్వేసి పాలిష్ మిషను దగ్గరికి పోయింది.

ఆమె తమాషాకే అంది. కానీ బద్లీ అన్నది యూనిట్లలో తమాషా కాదు, ఆనవాయితీ. ఒకామెకు జ్వరమొస్తే ఆడబిడ్డో తోటికోడలో ఆమె పేరు మీద పనికి పోతుంది. మేస్త్రీకి తెలుసు, ఓనరుకు తెలుసు. పేరుగల మనిషికి హాజరు పడుతుంది, బండ లేస్తుంది, అందరికీ సరిపోతుంది. ఈ పనికి ముందు ఏడేళ్ళు టీబీ మందులు పంచుతూ ఆ యూనిట్ల చుట్టూనే తిరిగాను. మనిషి మారినా పని జరిగితే జరిగినట్టే అన్నది నా బుర్రలో కూడా కుదురుకుంది.

పైగా ఆ రోజు శుక్రవారం. మాకు శ్రమల దినాలు, ఈస్టరు ముందు ఉపవాసాలుండే రోజులు. ముందురోజు సాయంత్రం నుంచి నేను మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. మూడు వందల పదకొండు సీసాలకు ఒక్కటి తక్కువ. గడియారం తొమ్మిది నలభై అయిదు. పరగడుపు రక్తం నా చేతిలోనే పారుతోంది. యూనిట్ గది తలుపు గొళ్ళెం పెట్టి, రబ్బరు పట్టీ పళ్ళతో లాగి బిగించుకుని, నా చేతికి నేనే సూది గుచ్చుకున్నాను. పదిసార్లు తిప్పాను. నూట పద్నాలుగు అని రాసిన కాగితం అంటించాను. దేవుని కోసం చేసిన ఉపవాసం దొంగపనికి పనికొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు సంతోషమే వేసింది. ఒక్క సీసా కూడా తక్కువ కాలేదని సార్లు మెచ్చుకున్నారు.

తర్వాత మూడేళ్ళూ ఏటా ఒకసారి అందరికీ బీపీ, షుగరు, కొవ్వు చూశాం. అవి నాగరాణివి నాగరాణివే. నేను కూడా దాదాపు మర్చిపోయాను. కిందటి నెలలో సుశాంత్‌గారు వికారాబాద్ ఆఫీసుకు వచ్చి కంప్యూటరు తెరిచి పిలిచారు.

"రెబెక్కగారూ, ఒక అద్భుతం చూడండి. మొదటి సీసాల్లో కొన్ని జన్యువులు విపరీతంగా పనిచేస్తున్న వాళ్ళు ఇరవై ముగ్గురు. మూడేళ్ళలో వాళ్ళలో ఇరవై రెండు మందికి మనం భయపడ్డట్టే అయింది. ఒక్కరికి కాలేదు. బీపీ లేదు, షుగరు లేదు, కొవ్వులు బంగారంలా ఉన్నాయి. నూట పద్నాలుగు. మీ నాగరాణి."

దొంగకు తేలు కుట్టినట్టయింది, అరవడానికి లేదు.

"ఆమె ఒంట్లో ఏదో కాపలా ఉంది. అదేమిటో తెలిస్తే ఎంతమందికి మేలు! పొట్ట దగ్గర కొవ్వు కొంచెం తీసి చూడాలి. కొత్త రక్తం కూడా తీద్దాం. ఆమెను ఒప్పించండి."

ఒప్పించాల్సిన అవసరమే రాలేదు. ఆయన ఫోనులో రెండు మాటలు చెప్పగానే నాగరాణి యూనిటంతా చాటింది. "నాకు షుగరు రాదంట. గొర్లపాలు తాగిన పెయ్యి గద!" అని. టీలో చక్కెర రెట్టింపు చేసింది. పల్లీపట్టీలు కొని పంచింది. ఆమె నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేది.

ఆ వారం రైల్లో కూర్చుని ఒక్కొక్కటే లెక్క వేసుకున్నాను. దాహం. తాండూరు నుంచి వికారాబాద్ చేరేలోపు రెండుసార్లు ఒంటేలుకు లేవడం. మెడ వెనక నల్లబారిన చర్మం. అది దుమ్మేనని సబ్బుతో రుద్దుతూ వచ్చాను. అరికాళ్ళలో చీమలు పాకినట్టు. ఇవన్నీ ఇంకొకరిలో ఉంటే చెయ్యి పట్టి దవాఖానకు లాక్కుపోయేదాన్ని. మూడు వందల నడుములు కొలిచిన టేపు నా నడుముకు ఒక్కనాడూ చుట్టుకోలేదు. మా అమ్మ శాంతవ్వకు షుగరుతో ఎడమ పాదం తీసేశారు. పాదం పోయిన రెండేళ్ళకు అమ్మే పోయింది. ఆమె చివరి రోజుల్లో లేని పాదం దురద పెడుతోందని దుప్పటి మీద గోక్కునేది. నేను అలా పోతాను, నా పిల్లలు అది చూస్తారు అన్న ఆలోచన ఒకసారి పట్టుకుంటే వదల్లేదు.

ఒక మధ్యాహ్నం సంస్థ అద్దెకు తీసుకున్న తాండూరు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు షుగరు యంత్రం తీసి వేలు పొడుచుకున్నాను. అది అయిదు నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. రెండు దగ్గరికి వచ్చేసరికి పట్టీ పీకి పారేశాను. ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని, పదిమందికి ధైర్యం చెప్పేదాన్ని, ఇంకో రెండు సెకన్లు ఆగలేకపోయాను.

మా ఆయన రాజేందర్‌కు చెప్పాను. ఆయన క్వారీలో పదిహేనేళ్ళు దుమ్ము మింగి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతూ ఇంట్లో ఉంటున్నాడు.

"కొత్త రక్తం తీస్తె ఇద్దరివని ఎరుకయితది గద?" అన్నాడు.

"అయితది."

"గప్పుడు ల్యాబుల సీసాలు మారినయనుకుంటరు తీ. నువ్వు ఊకో. నీ నౌకరి పోతె పిల్లల సంగతేంది?"

"మరి నాగరాణికి సూది?"

"గది సచ్చిపోయేంత సూదా?"

కాదు. సచ్చిపోయేంత సూది కాదు. ఈ మాటను పట్టుకుని రెండు రోజులు బతికాను. ల్యాబులో పనిచేసే, నేను ముఖం కూడా చూడని ఏ పిల్లో నా తప్పు మోస్తుంది, నేను కుక్కిన పేనులా ఉంటాను అని నిజంగానే ఆశపడ్డాను. నేను మంచిదాన్నని ఇంతకాలం అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమవారం తెగించి సుశాంత్‌గారికి ఫోను చేశాను. "సార్, నూట పద్నాలుగు గురించి..." అన్నానో లేదో ఆయన అందుకున్నారు. "మీకే చెప్పాలనుకున్నాను రెబెక్కగారూ. మిగతా చోట్ల నుంచి వచ్చిన సీసాల్లో ఎన్నో పాడైపోయాయి. మీవి ఒక్కటి కూడా లేదు. ఆ నూట పద్నాలుగును నమ్మి ముందుకు పోతున్నానంటే అది మీ చేతి సీసా కాబట్టే." సరే సార్ అని పెట్టేశాను. అప్పుడు తట్టింది అసలు గండం. ఒక్క సీసా అబద్ధమని తెలిస్తే మిగతా మూడు వందల పదిని ఎవరు నమ్ముతారు? బురదలో మూడేళ్ళు తిరిగిన తిరుగుడంతా, ఆ ఆడవాళ్ళు తినకుండా వచ్చి ఇచ్చిన రక్తమంతా మురికి మోరీ పాలు.

మంగళవారం యూనిట్‌కు పోయాను. నీళ్ళు చిమ్మే మిషను పక్కన నాగరాణిని కూర్చోబెట్టి, "రేపు సంతకం పెట్టకు. వద్దను. నిన్ను ఎవ్వరు జబర్దస్తి చెయ్యరు" అన్నాను.

"ఎందుకక్కా?"

"నొస్తది. వారం దాంక నొప్పుంటది. బండ ఎత్తరాదు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నువ్వెందుకు పరేషానైతున్నవ్? మా అత్తకు షుగరొచ్చి కండ్లు పోయినయి. నా కొవ్వుతోని పదిమందికి మందొస్తదంటె నేను ఇయ్యకుంటనా? పుట్టిన సంది నా పెయ్యి మంచిదని ఒక్కరన్న అన్నరా? దున్నపోతన్నరు. గీ సారే అన్నడు మంచిదని."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. మిషను మోగుతోందన్న సాకు దొరికింది, వచ్చేశాను.

బుధవారం పదకొండు గంటలకు మా తాండూరు గదిలో మంచం మీద తెల్ల దుప్పటి పరిచాను. కింద కందుల కొట్టు, హమాలీలు కన్నడంలో కేకలు వేసుకుంటున్నారు. నాగరాణి కొత్త చీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని వచ్చింది. పరగడుపున వచ్చింది ఈసారి. సంతకం పెట్టింది. సాక్షిగా నా సంతకం పెట్టమని సుశాంత్‌గారు కాగితం జరిపారు. అలాంటి కాగితాల మీద వందల సంతకాలు పెట్టిన చెయ్యి ఇది. పెన్ను కదల్లేదు.

"పెట్టండి" అని ఆయన మంచం వైపు తిరిగి, బొడ్డు పక్కన గోధుమరంగు మందు పూశారు. చల్లగా తగిలి నాగరాణి కిసుక్కున నవ్వింది. ఆయన మత్తు సూది పైకెత్తి గాలి తీశారు.

"సార్, ఆపండి" అన్నాను. "ఆ సీసా ఆమెది కాదు. నాది."

ఒకసారి మొదలైతే ఇక ఆగలేదు. రొట్టె, బద్లీ, ఉపవాసం, పళ్ళతో లాగిన రబ్బరు పట్టీ, అన్నీ చెప్పాను. ఆయన సూది పళ్ళెంలో పెట్టి స్టూలు మీద కూర్చున్నారు. నాగరాణి లేచి కూర్చుని నా వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూసింది.

"మూడేళ్ళు" అన్నారాయన. "మూడేళ్ళు రెబెక్కగారూ! ఈ ఒక్క మనిషి కోసం నేను రెండు నెలలు నిద్రపోలేదు. మీకు ఏమైనా తెలుసా మీరేం చేశారో?"

"తెలుసు సార్."

ఆయన తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు. కాసేపటికి తలెత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "ఇలా కూర్చోండి" అని టేపు తీశారు. నడుము నూట నాలుగు సెంటీమీటర్లు. బీపీ నూట డెబ్బై మీద నూట నాలుగు. వేలు పొడిచారు. ఈసారి పట్టీ నా చేతిలో లేదు, పీకి పారేయడానికి. యంత్రం అయిదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి రెండు వందల తొంభై ఒకటి చూపించింది.

"తిన్నారా పొద్దున?"

"లేదు సార్. తినబుద్ధి కాలేదు."

మూడూ కాగితం మీద రాసుకున్నారు. రాస్తుంటే ఆయన ముఖం విచ్చుకుంది. "సరిపోయింది!" అన్నారు. "ఇరవై మూడుకు ఇరవై మూడు! పరీక్ష తప్పు కాదు..." అని సగంలో నా ముఖం చూసి ఆగిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎన్నో రోజులు లెక్క తప్పి బాధపడ్డ మనిషికి ఆ లెక్క కుదిరింది, అంతే. కానీ నా రోగం చూసి ఒక మనిషి సంతోషపడడం నా కళ్ళతో చూశాను. దానికి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు, "మంచిది సార్" అన్నాను.

ఆయన బయట మెట్ల మీద నిలబడి హైదరాబాదులోని పెద్దసారుతో అరగంట మాట్లాడారు. నాగరాణి మందు పూసిన పొట్టను కొంగుతో తుడుచుకుంటోంది. ఎంత తుడిచినా మరక పోలేదు.

"నెల సంది యూనిటంత చెప్పుకున్న అక్కా" అంది. "నన్ను సంబురపడనిచ్చినవ్. రేపు నాకు షుగరు రావచ్చునా మరి?"

"రావచ్చు. రాకపోవచ్చు. ఇప్పటిదాంక లేదు. గా చక్కెర టీ బంద్ చెయ్."

"నాకు నీతులు చెప్పకు." తల్లోంచి పూలు తీసి మంచం మీద పెట్టింది. నేను ఏడుస్తున్నానని ఆమె చూసింది. చూసి కూడా పొట్ట మీది మరకనే రుద్దుకుంటూ కూర్చుంది.

సుశాంత్‌గారు లోపలికి వచ్చారు. బయటికి పోయినప్పటి సంతోషం లేదు. నిలబడే చెప్పారు. ఆ రక్తం ఇచ్చిన మనిషి సంతకం లేదు కాబట్టి నియమం ప్రకారం ఆ సీసా లెక్కలోకి రాదు. నూట పద్నాలుగో వరస కొట్టేస్తారు. సీసాలో మిగిలింది పారేస్తారు. నా చేతి మీదుగా వచ్చిన సీసాలన్నీ మళ్ళీ పరీక్షించి, ఎవరివి వాళ్ళవేనని తేలాకే ఉంచుతారు. నేను రేపటి నుంచి రానక్కర్లేదు. రిజిస్టర్లూ తాళాలూ అప్పగించాలి.

"నన్ను క్షమించండి, నా చేతిలో ఏమీ లేదు" అన్నారు చివర.

నేను తలూపాను. తాళంచెవులు బల్ల మీద పెట్టాను. నాగరాణి మంచం దిగి మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"సారూ, ఒక్క ముచ్చట. మా లోపట ఎవరికన్న గిట్ల షుగరు, బీపీ వస్తె మీరే పెద్దదవాఖానకు తీస్కపోయి మందులిప్పిస్తమని రాసిచ్చిండ్రు గద. మరి అక్కకు ఎవరిప్పిస్తరు?"

ఆయన కాగితాలు సర్దుతూ, తల దించుకుని, మెల్లగా అన్నారు.

"ఆమె మన అధ్యయనంలో లేరమ్మా."

నాగరాణి ఆ మాట నమ్మలేదు. బల్ల మీది రిజిస్టరు లాక్కుని, చదవడం రాకపోయినా పేజీలు తిప్పుతూ, "అక్క పేరెక్కడుందో చూపెట్టు" అని నన్నే అడిగింది. ఆ పేర్లన్నీ నేనే రాశాను. నా పేరు లేదు.